రెండు ఓట్ల మీద రెండేళ్లు

అటు కమ్యూనిస్టులు, ఇటు క్రైస్తవ ప్రజాస్వామ్యవాదులు. మధ్యలో పర్యావరణ పార్టీ, ఉదారవాదులు, సోషలిస్టులు, అవినీతిపై కత్తి దూసిన మాజీ ప్రాసిక్యూటర్. 2006లో ఇటలీలో రొమానో ప్రోడీ కట్టిన సంకీర్ణంలో లేని రంగు లేదు. అది చేసిన పని తక్కువేమీ కాదు. అయినా 722 రోజులకే చరిత్రలో కలిసిపోయింది. పార్టీలు ఎక్కువైపోయి కూలిందని అప్పట్లో అందరూ తీర్పు చెప్పారు. అసలు కారణం అంతకన్నా లోతుగా ఉంది.

2006 ఏప్రిల్ 10 మధ్యాహ్నం మూడింటికి ఇటలీలో పోలింగ్ ముగిసింది. ఆ వెంటనే టీవీల్లో ఎగ్జిట్ పోల్స్ వచ్చేశాయి. ఐదేళ్లుగా అధికారంలో ఉన్న సిల్వియో బెర్లుస్కోనీ ఓడిపోతున్నారనీ, ప్రొఫెసర్ రొమానో ప్రోడీ నాయకత్వంలోని ‘యూనియన్’ కూటమి హాయిగా గట్టెక్కుతోందనీ చెప్పాయి. సాయంత్రం అయ్యేసరికి ఆ తేడా కరగడం మొదలైంది. చీకటి పడ్డాక అటో ఇటో తేలని పరిస్థితి. రోమ్‌లోని సాంతి అపోస్తొలి కూడలిలో గంటల తరబడి కాచుకున్న కార్యకర్తల ముందుకొచ్చి, గెలిచామని ప్రోడీ ప్రకటించేసరికి తెల్లవారుజామైంది.

ఆ గెలుపు ఎంతటిది? దిగువ సభకు సుమారు 3 కోట్ల 80 లక్షల చెల్లుబాటు ఓట్లు పడితే, రెండు కూటముల మధ్య తేడా 24 వేల చిల్లర. మన దగ్గర ఒక్క అసెంబ్లీ నియోజకవర్గంలో కనిపించే మెజారిటీ అక్కడ దేశం మొత్తానికి వచ్చింది. బెర్లుస్కోనీ ఓటమిని ఒప్పుకోలేదు, ఓట్లు మళ్లీ లెక్కించాలన్నారు. చివరికి ఏప్రిల్ 19న దేశ అత్యున్నత న్యాయస్థానం ప్రోడీ గెలుపును ఖరారు చేసింది. అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. అసలు పరీక్ష రెండో సభలో ఉంది.

రెండు సభలు, రెండు లెక్కలు

ఇటలీ సెనేట్‌ను మన రాజ్యసభతో పోల్చుకుంటే ఈ కథ అర్థం కాదు. మన కేంద్ర మంత్రిమండలి లోక్‌సభకే జవాబుదారీ. రాజ్యసభలో బలం చాలకపోతే బిల్లులు ఆగుతాయేమో కానీ ప్రధాని కుర్చీకి ఢోకా ఉండదు. ఇటలీలో అలా కాదు. రాజ్యాంగంలోని 94వ అధికరణ ప్రకారం ప్రభుత్వం రెండు సభల విశ్వాసాన్నీ పొందాలి. ఏ ఒక్క సభ కాదన్నా రాజీనామా చేయాల్సిందే. ముస్సోలినీ నియంతృత్వాన్ని చవిచూసిన తరం రాసుకున్న రాజ్యాంగం అది. అధికారమంతా మళ్లీ ఒకరి గుప్పిట్లోకి పోకూడదన్న జాగ్రత్త అందులో అడుగడుగునా కనిపిస్తుంది.

ఈ రెండు సభలకూ సభ్యులను ఎన్నుకునే పద్ధతిని 2005 డిసెంబరులో బెర్లుస్కోనీ ప్రభుత్వం మార్చేసింది. కొత్త చట్టం ప్రకారం దిగువ సభలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చిన కూటమికైనా 630 సీట్లలో కనీసం 340 దక్కుతాయి. సెనేట్‌లో మాత్రం ఈ బోనస్ దేశం మొత్తానికి కాకుండా ప్రాంతాలవారీగా ఉంటుంది. ఒక ప్రాంతంలో ఒక కూటమికి, పక్క ప్రాంతంలో రెండో కూటమికి బోనస్ వస్తే చివరికి ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. సరిగ్గా అదే జరిగింది. దిగువ సభలో 24 వేల ఓట్ల తేడాకే ప్రోడీకి 60కి పైగా సీట్ల ఆధిక్యం వచ్చి పడింది. సెనేట్‌లో ఆయన కూటమికి 158, ప్రత్యర్థులకు 156. మిగిలిన ఒక్క సీటు లూయీజి పల్లారోది. అర్జెంటీనాలో స్థిరపడిన వ్యాపారవేత్త ఆయన. విదేశాల్లోని ఇటాలియన్లు తమ ప్రతినిధులను ఎన్నుకున్న తొలి పార్లమెంటు ఎన్నిక అది. ఆయన దక్షిణ అమెరికా ఓటర్ల మద్దతుతో, తన సొంత జాబితాతో గెలిచారు. రోమ్‌లో ప్రభుత్వం ఉంటుందా ఊడుతుందా అన్నది ఎన్నోసార్లు బ్యూనస్ ఎయిర్స్ నుంచి ఆయన విమానం ఎక్కారా లేదా అన్నదానిపై ఆధారపడింది.

ఈ చట్టంలోనే మరో మెలిక ఉంది. ఒంటరిగా పోటీ చేసే చిన్న పార్టీకి చోటు దొరకడం కష్టం. కూటమిలో చేరితే మాత్రం దానికి పడిన ప్రతి ఓటూ కూటమి ఖాతాలో జమవుతుంది. కాబట్టి పెద్ద పార్టీలకు చిన్న పార్టీలు కావాలి, చిన్న పార్టీలకు కూటమి కావాలి. క్లెమెంటె మాస్టెల్లా నడిపిన ‘ఉదెయూర్’ పార్టీనే చూడండి. దక్షిణాదిన కంపానియా ప్రాంతంలో బలమున్న ఈ మధ్యేవాద క్యాథలిక్ పార్టీకి వచ్చింది 1.4 శాతమే. కానీ ఓట్లలో అది 5 లక్షల పైమాట. కూటమి గెలిచింది 24 వేలతో. ‘నేను లేకపోతే మీరు లేరు’ అని మాస్టెల్లా అంటే కాదనగలవారెవరు? పర్యావరణ పార్టీ ఆ మాటే అనొచ్చు, రెండు కమ్యూనిస్టు పార్టీలూ అనొచ్చు. చిత్రమేమిటంటే వాళ్లందరి మాటా నిజమే.

శాఖలు చీల్చి, కుర్చీలు పెంచి

ఇంతమందిని ఒక తాటి మీదకు తెచ్చిన ప్రోడీకి సొంత పార్టీ లేదు. బొలోన్యా విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర ఆచార్యుడు, 1999 నుంచి 2004 దాకా యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు. ఎవరి మనిషీ కాకపోవడమే ఆయన అర్హత. 2005 అక్టోబరులో కూటమి ప్రధాని అభ్యర్థి కోసం జరిపిన ఎన్నికలో 40 లక్షల మందికి పైగా పాల్గొని దాదాపు మూడొంతుల ఓట్లు ఆయనకే వేశారు. ఆ జనాదరణే ఆయన పెట్టుబడి. కానీ పార్లమెంటులో లెక్కకొచ్చేది సభ్యుల సంఖ్య. తనవాళ్లంటూ ఉన్న సభ్యుల దళం ఆయన వెనుక లేదు.

కూటమి కట్టేముందు అందరూ కూర్చుని ఉమ్మడి కార్యక్రమం రాసుకున్నారు. అది 281 పేజీలకు చేరింది. ఎవరి పట్టుదల వాళ్లదే కావడంతో, తెగని విషయాలను మెత్తని వాక్యాలతో సర్దేశారు. పెళ్లి చేసుకోకుండా కలిసి జీవించే జంటల హక్కులు, విదేశాల్లో సైన్యం, పింఛన్ల వయసు... ప్రతిదానికీ అందులో ఓ పేరా ఉంది. దాన్ని ఎవరికి తోచినట్టు వారు చదువుకునే వీలూ ఉంది.

మే 17న ప్రమాణం చేసిన మంత్రివర్గం కూర్పు చూస్తే, అందరికీ పీట వేయాలంటే ఎన్ని సర్దుబాట్లు కావాలో తెలుస్తుంది. అంతకుముందు ఒక్కటిగా ఉన్న శాఖలను విడగొట్టారు. మౌలిక వసతులు ఒకరికి, రవాణా మరొకరికి. పాఠశాల విద్య ఒకరికి, విశ్వవిద్యాలయాలు మరొకరికి. కార్మిక శాఖ ఒకవైపు, సామాజిక సంక్షేమం మరోవైపు. మంత్రులు, ఉపమంత్రులు, సహాయ మంత్రులు కలిసి నూరు దాటారు. మాజీ ప్రధానులు మాసిమో డలేమాకు విదేశాంగం, జులియానో అమాటోకు హోంశాఖ. యూరోపియన్ కేంద్ర బ్యాంకు పాలకమండలిలో పనిచేసిన టొమాసో పడోవా స్కియోప్పాకు ఆర్థికం. మాస్టెల్లాకు న్యాయశాఖ. 1990లలో ‘చేతుల ప్రక్షాళన’ పేరుతో సాగిన అవినీతి దర్యాప్తులో ఒక తరం నాయకులను బోనెక్కించిన మాజీ ప్రాసిక్యూటర్ ఆంటోనియో డీ పియెట్రోకు మౌలిక వసతులు. పాత క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీలో పుట్టిపెరిగిన న్యాయమంత్రి, ఆ పార్టీ పతనానికి దారితీసిన దర్యాప్తు నడిపిన మనిషి ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు.

ప్రోడీకి ఇవన్నీ తెలియక కాదు. 1996లో ఆయన తొలిసారి ప్రధాని అయ్యారు. ఇటలీని యూరో కరెన్సీలోకి తీసుకెళ్లిన ప్రభుత్వం అది. 1998 అక్టోబరు 9న ఫౌస్టో బెర్టినోట్టి నాయకత్వంలోని కమ్యూనిస్టు పార్టీ మద్దతు ఉపసంహరించడంతో 312–313తో, అంటే ఒకే ఒక్క ఓటుతో పడిపోయింది. ఆ తర్వాత ఆరు నెలలకు మన లోక్‌సభలోనూ అదే జరిగింది. 1999 ఏప్రిల్ 17న, అమలాపురం ఎంపీ జీఎంసీ బాలయోగి స్పీకర్‌గా ఉండగా, వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో ఓడిపోయింది. ఒక్క ఓటు విలువ ఏమిటో తెలుగు పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. 2006లో ప్రోడీ అదే బెర్టినోట్టిని దిగువ సభ స్పీకర్ పీఠం మీద కూర్చోబెట్టారు. దెబ్బ తిన్నచోటే ముందుగా కట్టు కట్టుకున్నారన్నమాట. కానీ ఈసారి గాయం వేరే చోట తగలబోతోంది.

చేసిన పని చిన్నది కాదు

ఈ ప్రభుత్వం గురించి మాట్లాడేవాళ్లు కొట్లాటలే గుర్తు చేసుకుంటారు. అది అన్యాయం. అప్పటికి ఇటలీ బడ్జెట్ లోటు యూరోపియన్ యూనియన్ విధించిన 3 శాతం హద్దు దాటి ఉంది. బ్రసెల్స్ నుంచి క్రమశిక్షణ చర్యలు నడుస్తున్నాయి. పడోవా స్కియోప్పా పన్ను ఎగవేతదారుల వెంటపడి, ఖర్చులు బిగించి, లోటును ఆ హద్దు కిందికి దించారు. 2008లో ఐరోపా ఆ చర్యలను ఎత్తేసింది. పన్నులు కట్టడం మంచి విషయమనీ, అందరికీ కావాల్సినవాటికి అందరూ కలిసి చెల్లించడమే నాగరికత అనీ ఆయన టీవీలో ధైర్యంగా చెప్పారు. ఓట్ల కోసం చూసుకునే మనిషి అనగలిగే మాట కాదది.

ఆర్థికాభివృద్ధి మంత్రి పియెర్ లూయీజి బెర్సానీ తెచ్చిన సంస్కరణలు సామాన్యుడి జేబును నేరుగా తాకాయి. చీటీ అక్కర్లేని మందులు సూపర్‌మార్కెట్లలో అమ్ముకోవచ్చన్నారు. మొబైల్ రీచార్జ్ చేసిన ప్రతిసారీ కంపెనీలు గుంజుకునే అదనపు రుసుమును రద్దు చేశారు. ట్యాక్సీ లైసెన్సులు పెంచబోతే ట్యాక్సీవాళ్లు రోడ్లు దిగ్బంధించినా వెనక్కి పూర్తిగా తగ్గలేదు. విదేశాంగంలో ఇరాక్ నుంచి సైన్యాన్ని 2006 చివరికల్లా వెనక్కి రప్పించారు. ఆ వేసవిలో లెబనాన్ యుద్ధం ఆగాక అక్కడి ఐక్యరాజ్యసమితి శాంతిసేనకు ఇటలీ పెద్ద దళాన్ని పంపింది. మరణశిక్షల అమలును ఆపాలంటూ ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో తీర్మానం కోసం పట్టుబట్టిన దేశాల్లో ఇటలీది ముందువరస. 2007 డిసెంబరు 18న 104–54 ఓట్లతో ఆ తీర్మానం నెగ్గింది. భారత్ వ్యతిరేకంగా ఓటేసింది.

ఇంత చేసినా జనానికి కనిపించింది వేరు. 2007 బడ్జెట్ చట్టం ఎలా తయారైందో చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఆ చట్టంలో ఉన్నది ఒకే ఒక్క అధికరణ. అందులో 1,364 పేరాలు. పన్నుల నుంచి ప్రాంతాల నిధుల దాకా అన్నీ ఒకే సంచిలో కుక్కారు. మామూలుగా ఒక్కో అధికరణ మీద విడివిడిగా ఓటింగ్ జరగాలి. ఇద్దరి మెజారిటీతో నడిచే సభలో ప్రతి ఓటింగూ ఒక గండమే. అందుకే మొత్తాన్నీ ఒకే సవరణగా మార్చి, దాని మీద విశ్వాసం కోరి, ఒక్క దెబ్బకు నెగ్గించుకున్నారు. చట్టం గట్టెక్కింది. కానీ దాన్ని చదివి అర్థం చేసుకోగల పౌరుడు లేడు. సభలో దాన్ని నిజంగా చర్చించిన సభ్యుడూ లేడు. మెజారిటీ పలుచబడితే మొదట నష్టపోయేది చర్చేనని ఆ 1,364 పేరాలే చెబుతాయి.

ఒకే రోజు, రెండు కూడళ్లు

2007 ఫిబ్రవరిలో కుటుంబ వ్యవహారాల మంత్రి రోసీ బిందీ, సమాన అవకాశాల మంత్రి బార్బరా పొల్లాస్ట్రీనీ కలిసి ఒక బిల్లు తెచ్చారు. పెళ్లి చేసుకోకుండా కలిసి ఉండే జంటలకు, స్వలింగ జంటలకు కూడా, కొన్ని చట్టపరమైన హక్కులు కల్పించడం దాని ఉద్దేశం. బిందీ స్వయంగా నిష్ఠ గల క్యాథలిక్. మధ్యేమార్గం వెతికిన బిల్లు అది. దాన్ని ఆమోదించిన మంత్రివర్గ సమావేశానికి మాస్టెల్లా రాలేదు.

మే 12న రోమ్‌లోని సాన్ జొవాన్నీ కూడలిలో క్యాథలిక్ సంఘాలు ఆ బిల్లుకు వ్యతిరేకంగా ‘కుటుంబ దినోత్సవం’ పేరిట భారీ సభ పెట్టాయి. న్యాయమంత్రి మాస్టెల్లా, విద్యామంత్రి జుసెప్పె ఫియోరోనీ అక్కడికి వెళ్లారు. అదే రోజు, అదే నగరంలో నవోనా కూడలిలో లౌకికవాదులు పోటీ సభ జరిపారు. అక్కడ మంత్రి ఎమ్మా బొనీనో కనిపించారు. ఒకే మంత్రివర్గంలోని వాళ్లు ఒకే మధ్యాహ్నం ఒకరికొకరు ఎదురుగా నిలబడ్డారు. ఆ బిల్లు చట్టం కాలేదు. కలిసి జీవిస్తున్న లక్షల జంటలు మరికొన్నేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది.

ఎవరి విశ్వాసం వారికి ఉండటం తప్పు కాదు. ఆ విశ్వాసాలను ఒక గదిలో కూర్చుని తేల్చుకునే ఏర్పాటు లేకపోవడమే తప్పు. ఒక్కరు అలిగినా ప్రభుత్వం పోతుంది కాబట్టి ఎవరినీ గట్టిగా కాదనలేకపోయారు. కాదనలేని చోట నిర్ణయమన్నది పుట్టదు.

ఇద్దరు కదలలేదు

2007 ఫిబ్రవరి 21. సెనేట్‌లో విదేశాంగ విధానంపై ఓటింగ్. అఫ్గానిస్థాన్‌లో సైన్యం కొనసాగింపు, ఉత్తరాన విచెంజాలో అమెరికా స్థావరం విస్తరణ వామపక్షాలకు మింగుడుపడటం లేదు. నాలుగు రోజుల ముందే విచెంజా వీధుల్లో భారీ ప్రదర్శన జరిగింది. విదేశాంగ విధానంపై మెజారిటీ లేకపోతే ఇంటికెళ్లాల్సిందేనని డలేమా ముందే తేల్చేశారు. ఓట్లు లెక్కించారు. అనుకూలం 158, వ్యతిరేకం 136, తటస్థం 24. పైకి చూస్తే ఘనవిజయం. కానీ అప్పటి సెనేట్ నిబంధనల ప్రకారం తటస్థం కూడా వ్యతిరేకం కిందే లెక్క. కావాల్సినవి 160. రెండు తగ్గాయి. అధికారపక్షంలో ఉంటూనే ఓటు వేయని ఇద్దరి పేర్లు ఆ సాయంత్రానికి దేశమంతా మార్మోగాయి. ఒకరు కమ్యూనిస్టు పార్టీకి చెందిన ఫ్రాంకో టురిల్యాటో, మరొకరు ఫెర్నాండో రోస్సీ. ప్రోడీ ఆ రోజే రాజీనామా చేశారు. ఫిబ్రవరి 28న 162–157తో మళ్లీ విశ్వాసం సంపాదించి నిలదొక్కుకున్నారు.

టురిల్యాటో మాట మార్చిన మనిషి కాదు. యుద్ధానికి వ్యతిరేకినని ఓటర్లకు చెప్పే గెలిచారు. ప్రభుత్వానికి పది ఓట్ల మెజారిటీ ఉంటే ఆయన నిర్ణయం గౌరవించదగ్గ అసమ్మతిగా మిగిలేది. రెండు ఓట్ల ప్రభుత్వంలో అది వెన్నుపోటైంది. ఒక మనిషి మనస్సాక్షికి, ఒక దేశ ప్రభుత్వానికి మధ్య ఇసుమంత ఖాళీ కూడా లేకుండాపోయింది. ఈ రెండేళ్లలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది అదే. అసమ్మతిని భరించలేని సంకీర్ణంలో నిజాయితీపరుడూ అవకాశవాదీ ఒకే గాటన పడతారు.

ఆ అవకాశవాదం ఎంతదాకా వెళ్లిందో తర్వాత బయటపడింది. డీ పియెట్రో పార్టీ టికెట్‌పై గెలిచిన సెనేటర్ సెర్జియో డె గ్రెగోరియో నెలలు తిరక్కుండానే అటువైపు జారుకున్నారు. అందుకు 30 లక్షల యూరోలు తీసుకున్నానని ఏళ్ల తర్వాత స్వయంగా ఒప్పుకుని 2013లో శిక్షకు అంగీకరించారు. అదే కేసులో బెర్లుస్కోనీకి 2015లో కింది కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది. కాలపరిమితి దాటడంతో 2017లో అప్పీలు దశలో ఆ కేసు ముగిసిపోయింది. మనకున్నట్టు ఫిరాయింపుల నిరోధక చట్టం ఇటలీలో లేదు. సభ్యుడు దేశం మొత్తానికి ప్రతినిధి అనీ, ఎవరి ఆదేశానికీ కట్టుబడనక్కర్లేదనీ అక్కడి రాజ్యాంగం 67వ అధికరణ చెబుతుంది. ఆ స్వేచ్ఛ విలువైనదే. రెండు ఓట్ల సభలో దానికి ధర పలికింది.

ఆ రోజుల్లో గుర్తుపెట్టుకోదగ్గ మరో వ్యక్తి, ఎన్నికతో పనిలేకుండా నియమితులయ్యే జీవితకాల సెనేటర్లలో ఒకరైన రీటా లెవీ మోంటల్చీనీ. 1986లో వైద్యశాస్త్రంలో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. వయసు 97 దాటినా కీలకమైన ఓటింగులకు వచ్చేవారు. ప్రతిపక్ష సెనేటర్ ఒకరు ఆమెకు ఊతకర్రలు పంపాలంటూ హేళన చేశారు. ఆమె చలించలేదు. అలాగని ప్రభుత్వానికి గుడ్డిగా తలూపలేదు. బడ్జెట్‌లో పరిశోధన నిధులకు కోత పెడితే తన ఓటు ఉండదని ముందే హెచ్చరించారు. తన ఒక్క ఓటుకున్న బలాన్ని పదవి కోసం కాకుండా ప్రయోగశాలల కోసం వాడిన మనిషి ఆవిడ.

జనవరి 16 నుంచి 24 దాకా

2007 అక్టోబరులో కూటమిలోని రెండు పెద్ద పార్టీలు విలీనమై డెమొక్రాటిక్ పార్టీగా మారాయి. రోమ్ మేయర్ వాల్టర్ వెల్‌ట్రోనీ దాని నాయకుడయ్యారు. వచ్చే ఎన్నికల్లో చిన్న పార్టీలను మోయకుండా ఒంటరిగా వెళ్లాలన్నది ఆయన ఆలోచన. చిన్న పార్టీలకు గుండెల్లో రాయి పడింది.

2008 జనవరి 16న రెండు సంఘటనలు జరిగాయి. కంపానియా ప్రాంతీయ మండలి అధ్యక్షురాలిగా ఉన్న మాస్టెల్లా భార్య సాండ్రా లొనార్డోను అధికార దుర్వినియోగానికి సంబంధించిన దర్యాప్తులో గృహనిర్బంధంలో ఉంచారు. న్యాయమంత్రి దిగువ సభలో లేచి, న్యాయవ్యవస్థలో కొందరు తనను వేటాడుతున్నారంటూ రాజీనామా ప్రకటించారు. సరిగ్గా ఆ రోజే, ఎన్నికల చట్టాన్ని మార్చే ప్రజాభిప్రాయ సేకరణకు రాజ్యాంగ న్యాయస్థానం పచ్చజెండా ఊపింది. అది నెగ్గితే బోనస్ సీట్లు కూటమికి కాకుండా ఒకే జాబితాకు వెళ్తాయి. అంటే 1.4 శాతం పార్టీకి ఇక కూటమిలో బేరమాడే బలం ఉండదు. ఎన్నికలు ముందే వస్తే ఆ ప్రజాభిప్రాయ సేకరణ వాయిదా పడుతుంది. పత్రికలన్నీ మొదటి వార్తనే పతాక శీర్షిక చేశాయి. ఈ పతనాన్ని అర్థం చేసుకోవడానికి రెండోదీ అంతే ముఖ్యం. అధికార దుర్వినియోగం కేసులో భార్యాభర్తలిద్దరూ నిర్దోషులని నేపుల్స్ కోర్టు 2017లో తేల్చింది. ఆ తీర్పు వచ్చేటప్పటికి ఆ ప్రభుత్వం పోయి తొమ్మిదేళ్లు దాటింది.

జనవరి 21న మాస్టెల్లా కూటమికి గుడ్‌బై చెప్పారు. ఉదెయూర్‌కు సెనేట్‌లో ఉన్నది ముగ్గురే. ఓడిపోతానని తెలిసినా ప్రోడీ రాజీనామా చేసి చాటుగా తప్పుకోలేదు. రెండు సభలకూ వెళ్లారు. 23న దిగువ సభ 326–275తో ఆయనకు విశ్వాసం ప్రకటించింది. 24 సాయంత్రం సెనేట్ వంతు.

ఉదెయూర్ సెనేటర్ నుచ్చో కుసుమానో లేచి, పార్టీ మాట కాదని ప్రోడీకే ఓటేస్తానన్నారు. అదే పార్టీకి చెందిన టొమాసో బర్బాటో ఆగ్రహంతో ఆయన మీదికి దూసుకొచ్చి తిట్ల దండకం అందుకున్నారు. ఉమ్మేశారని చూసినవాళ్లు చెప్పారు, బర్బాటో కాదన్నారు. కుసుమానో అక్కడే కుప్పకూలితే స్ట్రెచర్ మీద బయటికి తీసుకెళ్లారు. ప్రభుత్వం ఓడిందని తేలగానే ప్రతిపక్ష సెనేటర్ ఒకరు ప్రోడీని వెక్కిరించే మారుపేరైన మోర్టడెల్లా మాంసం ముక్కలు సభలోనే తింటూ కెమెరాలకు చిక్కారు. షాంపేన్ సీసా కూడా తెరుచుకుంది. ఇది సారా కొట్టు కాదంటూ స్పీకర్ ఫ్రాంకో మారీనీ గద్దించాల్సి వచ్చింది.

ఫలితం: అనుకూలం 156, వ్యతిరేకం 161, తటస్థం 1.

ఆ 161లో ఎవరున్నారో చూడండి. బెర్లుస్కోనీ మనుషులు సరే. వాళ్ల పక్కన పెట్టుబడిదారీ వ్యవస్థకు బద్ధశత్రువైన టురిల్యాటో. మరోపక్క ఇటలీ కేంద్ర బ్యాంకులో డైరెక్టర్ జనరల్‌గా, ఆపై ప్రధానిగా చేసిన లాంబెర్టో డీనీ. మధ్యలో మాస్టెల్లా. ఒకరికి ప్రభుత్వం చాలినంత వామపక్షం కాదు, మరొకరికి అది మితిమీరిన వామపక్షం. కూల్చడానికి ఏకమైన ఈ మనుషులు తర్వాతి ప్రధాని ఎవరన్నదానిపై ఐదు నిమిషాలైనా ఏకాభిప్రాయానికి రాలేరు.

జర్మనీలో ఇది సాగదు. ఛాన్సలర్‌ను దించాలంటే ఆయన స్థానంలో ఎవరిని ఎన్నుకుంటున్నారో అదే ఓటులో చెప్పాలి. వైమార్ రిపబ్లిక్ పతనం నుంచి జర్మన్లు నేర్చుకున్న పాఠమది. ఇటలీ రాజ్యాంగంలో అలాంటి నిబంధన లేదు.

ఆ లెక్కలు క్లుప్తంగా

2006 మే 19: సెనేట్‌లో తొలి విశ్వాస పరీక్ష. 165–155తో గెలుపు. ఏడుగురు జీవితకాల సెనేటర్లూ అనుకూలమే.
2007 ఫిబ్రవరి 21: విదేశాంగ తీర్మానం. 158 వచ్చాయి, 160 కావాలి. రాజీనామా.
2007 ఫిబ్రవరి 28: మళ్లీ విశ్వాసం. 162–157.
2008 జనవరి 24: 156–161. పతనం.
2008 ఏప్రిల్ 13, 14: ముందస్తు ఎన్నికలు.
2008 మే 8: కొత్త ప్రభుత్వం ప్రమాణం.

కూల్చినవాళ్లు ఏమయ్యారు?

ఆ ఏప్రిల్‌లో బెర్లుస్కోనీ భారీ మెజారిటీతో తిరిగొచ్చారు. మాస్టెల్లా పార్టీకి కూటమిలో చోటిచ్చేవాళ్లే లేరు, అది బరిలోకే దిగలేదు. కమ్యూనిస్టులు, పర్యావరణవాదులు కలిసి పెట్టుకున్న ‘రెయిన్‌బో లెఫ్ట్’కు 3 శాతం చిల్లర వచ్చింది. ఒక్క సీటూ రాలేదు. గణతంత్రం ఏర్పడ్డాక కమ్యూనిస్టు పేరున్న పార్టీ లేని పార్లమెంటు ఇటలీకి అదే మొదటిసారి. ప్రభుత్వాన్ని పడగొట్టగల బలం ఉందని చాటుకున్నవాళ్లను ఓటరు రెండేళ్లకే లెక్కలోంచి తీసేశాడు.

ఇక్కడితో ఆపేస్తే, చిన్న పార్టీలే అన్ని అనర్థాలకూ మూలమన్న తీర్పు దగ్గర ఆగిపోతాం. అది సరికాదు. బెర్లుస్కోనీ 2008లో పార్టీల సంఖ్య తగ్గించుకుని, బలమైన మెజారిటీతో వచ్చారు. రెండేళ్లకే సొంత పార్టీ చీలింది. 2010 డిసెంబరులో దిగువ సభలో 314–311తో, మూడే ఓట్లతో బతికి బయటపడ్డారు. 2011 నవంబరులో అప్పుల సంక్షోభం నడుమ దిగిపోయారు. పార్టీలు తగ్గినంత మాత్రాన స్థిరత్వం రాలేదు. మరోవైపు 1980లలో ఐదు పార్టీల కూటమి ఇటలీని ఏళ్ల తరబడి పాలించింది. ప్రధానులు మారినా కూటమి నిలిచింది, ఎందుకంటే దాని కింద సభ్యుల బలం దండిగా ఉండేది. అంటే తేడా పార్టీల సంఖ్యలో లేదు. ఒకరు వెళ్లిపోయినా మిగిలినవాళ్లు నిలబడగలరా అన్న ప్రశ్నలో ఉంది.

ప్రతి ఒక్కరూ తప్పనిసరైన చోట ఎవరూ బాధ్యులు కారు. 31 శాతం ఓట్లున్న ఉమ్మడి జాబితాకూ 1.4 శాతం పార్టీకీ కూల్చే శక్తి సమానమైనప్పుడు, పెద్దవాడు నడపలేడు, చిన్నవాడు తగ్గడు. 2005 చట్టం చేసింది అదే. గెలవడానికి అందరినీ పోగుచేయమంది. గెలిచాక అందరి చేతుల్లోనూ తలా ఒక కత్తి పెట్టింది. రాజ్యాంగ న్యాయస్థానం 2013 డిసెంబరులో ఆ చట్టంలోని కీలక భాగాలను కొట్టేసింది. ప్రభుత్వాన్ని దించే అధికారం సెనేట్‌కు లేకుండా చేద్దామన్న సవరణను మాత్రం 2016 ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు తిరస్కరించారు. ఆ తర్వాత సభ్యుల సంఖ్య తగ్గింది కానీ రెండు సభల విశ్వాసమన్న నియమం అలాగే ఉంది.

సంకీర్ణాలంటే చిరాకుపడే కాలంలో ఉన్నాం. ఒకే పార్టీ, ఒకే నాయకుడు అయితే పని జరుగుతుందన్న మాట అన్నిచోట్లా వినిపిస్తోంది. ఆ చిరాకుకు ప్రోడీ ప్రభుత్వాన్ని సాక్ష్యంగా చూపించేవాళ్లూ ఉన్నారు. నా మాట వేరు. కమ్యూనిస్టుకూ క్యాథలిక్‌కూ ఒకే బల్ల దగ్గర చోటివ్వడం ఒక దేశం తన వైవిధ్యానికిచ్చే గౌరవం. అది నిలవాలంటే మూడు కావాలి. ఒక సభ్యుడు మనస్సాక్షి ప్రకారం కాదన్నా కూలిపోనంత మెజారిటీ. తగవును వీధికెక్కకముందే తీర్చే వేదిక. దించేవాళ్లు ప్రత్యామ్నాయం చూపాలన్న నియమం. ఈ మూడింటిలో ఒక్కటీ లేకుండానే ప్రోడీ బండి లాగారు, లోటు తగ్గించారు, చట్టాలు తెచ్చారు.

చివరి రోజు ఆయన చేసిన పని మాత్రం అన్ని సంకీర్ణాలకూ మార్గదర్శకం. ఇటలీలో విశ్వాస పరీక్షలో సభ్యులను పేరు పెట్టి పిలుస్తారు. ఒక్కొక్కరే ముందుకొచ్చి అవునో కాదో నోటితో చెప్పాలి. ఓటమి ఖాయమైనా ప్రోడీ ఆ పరీక్షకు నిలబడటం వల్లే, ఎవరు కూల్చారన్నది పుకారుగా మిగిలిపోకుండా సెనేట్ రికార్డుల్లోకి ఎక్కింది. మూడు నెలల తర్వాత ఓటరు తీర్పిచ్చేటప్పటికి ఆ పేర్లు అందరికీ తెలుసు. సంకీర్ణంలో ప్రతి భాగస్వామికీ తప్పుకునే హక్కుంది. ఆ హక్కును వెలుతురులో, సొంత పేరుతో, కారణం చెప్పి వాడుకోవాలని పట్టుబట్టే హక్కు ప్రజలకుంది.